పురానా ఖిలా పెంకుల్లో కుమ్మరి జాడ

ఢిల్లీలో పురానా ఖిలా పేరెత్తితే చాలు, పాండవుల ఇంద్రప్రస్థం ఇదేనా అన్న గొడవ మొదలవుతుంది. 1950-52లో మీరట్ జిల్లా హస్తినాపురంలో బి.బి. లాల్ తవ్వకాలు జరిపి, నల్ల గీతలు గీసిన బూడిదరంగు మట్టిపాత్రలు వెలికితీశారు. కొన్నేళ్లకే పురానా ఖిలాలోనూ అలాంటి పెంకులే దొరికాయి. అవి మహాభారతానికి సాక్ష్యమా, కాదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నాం. వాటిని చేసిన కుమ్మరుల గురించి అడిగినవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదే.

సుమారు మూడు వేల ఏళ్ల కిందటి పనితనం అది. మట్టిని నలకలేకుండా వడగట్టి, సారె మీద పలచగా తీసిన గిన్నెలు, పళ్లేలు. మట్టిలో ఇనుము ఉంటుంది కాబట్టి ఆవంలోకి గాలి ధారాళంగా ఆడితే పాత్ర ఎర్రబడుతుంది. గాలి అందకుండా మూసేస్తే బూడిదరంగుకు తిరుగుతుంది. పాత్రంతా ఒకే ఛాయ రావాలంటే మంటనూ గాలినీ కనిపెట్టుకుని కూర్చునే చెయ్యితిరిగిన మనిషి ఉండాలి. తీరిక వేళల్లో నేర్చుకునే విద్య కాదిది.

అదే ఊళ్లలో వంటకుండలు, ధాన్యం కాగులు మాత్రం మోటు ఎర్రమట్టివి. బూడిదరంగు పాత్రల వాటా మొత్తంలో కొద్దే. అంటే కొద్దిమంది నిపుణులు, కొద్దిమంది కలవారి భోజనానికి చేసినవని ఊహించవచ్చు. పైగా హర్యానా నుంచి గంగా యమునల నడిమి నేల దాకా ఆకారాలూ గీతలూ దాదాపు ఒక్కటే. ఇదంతా ఒక రాజు కార్ఖానా పనే అనడానికి ఆధారం లేదు. కుమ్మరి కుటుంబాల మధ్య చేతులు మారుతూ సాగిన విద్యే అయివుంటుందని నాకనిపిస్తుంది.

పని నడిచిన తీరులో ప్రాచీన పెరూ కథ వేరు. అక్కడి మోచే నాగరికత కుమ్మరులకు సారె తెలియదు. అచ్చులతో ఒకే ముఖం ఉన్న పాత్రలు ఎన్నో తీశారు. వారి ‘హువాకా దెల్ సోల్’ కట్టడంలోని పచ్చి ఇటుకల మీద నూరుకు పైగా రకాల గుర్తులున్నాయి. ఏ బృందం వాటా ఎంతో లెక్క చూసుకోవడానికేనని పండితుల అంచనా. తర్వాతి ఇన్కా పాలకులైతే పన్నుగా వెట్టిపనే చేయించుకున్నారు.

ఢిల్లీ ఉత్తమ్ నగర్ కుమ్మరివాడలో సారె ఇంకా తిరుగుతోంది. రాజస్థాన్, హర్యానాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. మట్టి పిసకడం, రంగులు వేయడం వంటి పనుల్లో ఆడవాళ్ల కష్టం చాలా ఉంటుంది. పూర్తయిన కుండ మీద ఆ కష్టానికి పేరుండదు. పాత పెంకులు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పురానా ఖిలాకు వెళ్తే అక్కడి మ్యూజియంలో పెంకుల ముందు కాసేపు ఆగండి. పాండవుల సంగతి పక్కనపెట్టి అంచు మందం, రంగు, గీతల తీరు చూడండి. పిల్లలు వెంట ఉంటే, ఇది ఎంతమంది చేతులు మారి పాత్రయిందో వాళ్లనే అడగండి.