అడగనీ తల్లిని

బుధవారం పొద్దున పదిన్నర. హైదరాబాద్ బస్తీలో ఇరుకు సందు చివర అంగన్‌వాడీ గది. గుమ్మం ముందు పడి ఉన్న చెప్పులు దాటుకుని లోపలికి రండి. గోడల నిండా పండ్ల బొమ్మలు, అఆలు. చాప మీద పసిపిల్లలను ఒళ్లో వేసుకుని తల్లులు. కిటికీ పక్క బల్ల మీద వ్యాక్సిన్ డబ్బా. దాని ముందు ఏఎన్‌ఎం.

మీ పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో రెండున్నర నెలల బాబు. బుగ్గన దిష్టి చుక్క. మొదటి సూది ఆరు వారాలకు పడింది, ఇవాళ రెండోది. పేరు పిలిచారు. ఆమె లేవదు.

"పోయినసారి రాత్రంతా జరమొచ్చిందక్కా. తొడ గట్టిపడ్డది. మా అత్తమ్మ వద్దంటుంది. నాంపల్లిల అయినట్టు అయితే ఎవరు జిమ్మేదారంటది."

గదిలో మాటలు ఆగిపోతాయి. ఆశా కార్యకర్త కసరబోతుంది. ఏఎన్‌ఎం చేత్తో వారిస్తుంది. "అడగనీ. బిడ్డ ఆమెది."

నాంపల్లి మాట పుకారు కాదు. 2019 మార్చిలో అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఇదే పెంటావాలెంట్ టీకా వేయించుకున్న పసిపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ప్రాణాలూ పోయాయి. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. అది తీవ్రమైన నొప్పులకు వాడే మందు, పసిగుడ్డుకు విషంతో సమానం. తప్పు మాత్రలో జరిగింది, చెడ్డపేరు మాత్రం టీకాకు వచ్చింది. ఆ రోజు నుంచి ఈ చుట్టుపక్కల తల్లులకు సూది అంటే గుండె జారుతోంది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

ఏఎన్‌ఎం సీసా తీసి అమ్మాయి కళ్ల ముందు పెడుతుంది. మీరూ వంగి చూడండి. దాని మీద ఊదారంగు వలయం, మధ్యలో చిన్న చదరం.

"లోపలిది తెల్లగుందా?"

"తెల్లగనే ఉంది."

"వేడి తగిలితే నల్లబడ్తది. వలయం రంగుల కలిసిపోయిందంటే ఆ మందు ఎవ్వరికీ వెయ్యం."

సీసా మీది గడువు తేదీ కూడా చూపిస్తుంది. సిరంజి పొట్లం ఆమె ఎదుటే చింపుతుంది. ఒకసారి వాడితే బిగుసుకుపోయే సిరంజి అది, రెండో బిడ్డకు పనికిరాదు. జ్వరం ఎందుకొస్తుందో కూడా చెబుతుంది. ఈ టీకాలో చంపిన కోరింత దగ్గు క్రిములు ఉంటాయి. వాటిని ఎదుర్కోవడం ఒళ్లు నేర్చుకునేటప్పుడు ఒకటి రెండు రోజులు కాక పుడుతుంది, సూది పడ్డచోట వాపు వస్తుంది.

తర్వాత మాత్రల అట్ట చేతికిస్తుంది. "పేరు చదువు."

అమ్మాయి ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుంటుంది. పా...రా...సి...ట...మాల్. ఎంత వెయ్యాలో, ఎన్ని గంటలకో ఏఎన్‌ఎం కాగితం మీద రాసిస్తుంది. అసలు ఈ సూది ఎందుకో కూడా చెబుతుంది.

"కంఠసర్పి పోయిందనుకుంటున్నవా? నల్లకుంట ఫీవర్ దవాఖానల ఇటీవలి ఏళ్లల్ల గూడ పిల్లలు పడ్డరు. గొంతుల పొర కట్టి ఊపిరాడదు. అది రాకుండ కాపాడేది ఈ సూదే."

అమ్మాయి లేచి బల్ల దగ్గర కూర్చుంటుంది. ముందు నోట్లో పోలియో చుక్కలు రెండు, రోటా వైరస్ మందు. ఎడమ తొడలో సూది. బాబు ఏడుపు గదంతా నిండుతుంది. తల్లి రొమ్ముకు అదుముకోగానే సద్దుమణుగుతుంది.

ఇక అరగంట ఇక్కడే కూర్చోవాలి. తీవ్రమైన అలర్జీ దాదాపు పది లక్షల డోసుల్లో ఒకసారి రావచ్చు. వస్తే చాలావరకు ఈ అరగంటలోనే బయటపడుతుంది. అప్పుడు ఇవ్వాల్సిన అడ్రినలిన్ ఏఎన్‌ఎం సంచిలో ఉంది.

ఈలోగా మూల నుంచి మరో తల్లి అడుగుతుంది. "తొమ్మిదో నెల సూదికి పిల్లలకు మాటలు రావంటరు, నిజమేనా?"

ఆ భయం పుట్టింది 1998లో, లండన్‌లో. వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ 12 మంది పిల్లలను చూపించి, తొమ్మిదో నెల సూది లాంటి తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. 2010లో ఆ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక ఉపసంహరించుకుంది. వైద్యుల జాబితా నుంచి అతని పేరూ తీసేశారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో తేల్చిన మాట: సంబంధం లేదు. ఏఎన్‌ఎం అదే సంగతి తన మాటల్లో చెబుతుంది: "పిల్లలకు మాటలొచ్చే ఈడు, ఈ సూదులు పడే ఈడు ఒక్కటే. మాట ఆలిస్యమైతే మనసు సూది మీదికే పోతది."

అరగంట గడిచింది. తర్వాతి తేదీ కార్డు మీద పడింది. నెల తర్వాత వస్తానంటూ అమ్మాయి బయల్దేరుతోంది.

అమ్మలారా, నాన్నలారా, ఏ టీకా వేస్తున్నారు, సీసా మీద గుర్తు ఎలా ఉంది, చేతికిచ్చిన మాత్ర పేరేమిటి, ఏమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఈ నాలుగూ అడగండి. సిబ్బందికీ ఒక మనవి: విసుక్కోకుండా జవాబివ్వండి. జవాబు దొరకని తల్లి మరుసటి బుధవారం రాదు. ఆ బిడ్డకు రక్షణ ఉండదు.