ఆసుపత్రిలో ఇచ్చిన మందు పడకపోతే? ఎలా గుర్తించాలి, ఎవరికి చెప్పాలి?

జగ్గయ్యపేటలో మీ నాన్నగారికి జ్వరం వచ్చిందనుకోండి. ముందు వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించారు. తగ్గకపోవడంతో ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి నుంచి విజయవాడకు రిఫర్ చేశారు. రెండు రోజుల్లో ముగ్గురు చూశారు. ఇప్పటివరకు ఆయనకు ఏయే మందులు పడ్డాయో ఆ ముగ్గురిలో ఒక్కరికైనా పూర్తిగా తెలుసా? చాలా సందర్భాల్లో తెలియదు. మందుల వల్ల జరిగే హానికి ఇదో పెద్ద కారణం.

రెండు రకాలు

సరైన మందును సరైన మోతాదులో ఇచ్చినా కొందరి శరీరానికి పడదు. ఇది మొదటి రకం. దీన్ని అన్నిసార్లూ ముందే ఊహించలేం. రెండోది పొరపాటు. మోతాదు ఎక్కువ కావడం, ఒకరి మందు మరొకరికి ఇవ్వడం, ఒకదానితో ఒకటి సరిపడని మందులు కలిపి వాడటం లాంటివి. వీటిని ఆపొచ్చు. ఉదాహరణకు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్న వ్యక్తికి ఆ సంగతి తెలియక నొప్పుల కోసం డైక్లోఫెనాక్ ఇస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది.

ఆసుపత్రులు ఎలా పసిగడతాయి?

సిబ్బంది స్వయంగా చెప్పేవాటిపైనే ఆధారపడితే చాలా కేసులు బయటికి రావు. అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో ఉన్న ఎల్‌డీఎస్ ఆసుపత్రి ఈ విషయాన్ని లెక్కలతో చూపింది. అక్కడ 18 నెలల్లో చేరిన 36,653 మంది రికార్డులను కంప్యూటర్‌తో గమనించగా 731 ఘటనలు తేలాయి. వాటిలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు తమంతట తాము చెప్పినవి 92 మాత్రమే. ఈ ఫలితాలు 1991లో వెలువడ్డాయి.

ఆ కంప్యూటర్ వెతికింది విరుగుడు మందులను, రక్త పరీక్షల్లో వచ్చిన తేడాలను. దీన్ని మన ఆసుపత్రుల్లో కేస్ షీట్ చూసి కూడా చేయొచ్చు. ఉన్నట్టుండి ఏవిల్ ఇంజెక్షన్ ఎందుకిచ్చారు? షుగర్ రోగికి హడావుడిగా గ్లూకోజ్ ఎందుకెక్కించారు? నిన్న మొదలుపెట్టిన మందును ఇవాళ ఎందుకు ఆపేశారు? క్రియాటినిన్ ఎందుకు పెరిగింది? ఇలాంటివి కనిపిస్తే కారణం మందేనా అని ఆరా తీయాలి.

మీరు గమనించాల్సినవి

* కొత్త మందు మొదలయ్యాక దద్దుర్లు, దురద, ముఖం లేదా పెదాల వాపు
* ఆయాసం, కళ్లు తిరగడం, చలి, వణుకు
* చెమటలు, తికమక మాటలు (షుగర్ మందులు వాడేవారిలో)
* నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి రక్తం
* మూత్రం బాగా తగ్గడం, అతి మగత

వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సుకు చెప్పండి. సెలైన్‌లో మందు ఎక్కుతుండగా ఆయాసం మొదలైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

పాముకాటు కేసుల్లో

జగ్గయ్యపేట, నందిగామ పత్తి, మిర్చి పొలాల్లో పనిచేసేవారికి పాముకాటు భయం ఉంటుంది. కాటుకు ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్‌ను గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు. అందుకే కొందరిలో రియాక్షన్ వస్తుంది. సాధారణంగా 10 నిమిషాల నుంచి 3 గంటల లోపు కనిపిస్తుంది. దానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంది. కాబట్టి రియాక్షన్ భయంతో విరుగుడు వద్దనకండి. మందు ఎక్కుతున్నంతసేపూ, ఆ తర్వాత కొన్ని గంటలూ రోగి పక్కనే ఒకరు ఉండండి.

ముందే ఆపాలంటే

ఈ రెండు ఊళ్లూ 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. పెద్ద వైద్యం కావాలంటే 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా విజయవాడకో, మరో పక్క ఖమ్మానికో వెళ్లాలి. రోగితో పాటు మందుల వివరాలు కూడా వెళ్లాలి.

* వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆయుర్వేదం, నాటు మందులు కూడా చెప్పండి.
* ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తే దాని పేరు రాయించుకోండి. ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు.
* గతంలో పడని మందు పేరును పెద్ద అక్షరాలతో రాసి, ప్రతి ఆసుపత్రిలో చూపించండి.
* రిఫర్ చీటీలో ఇచ్చిన మందులు, మోతాదు, చివరి డోసు ఇచ్చిన టైము రాశారో లేదో చూసుకోండి.
* గర్భం, పాలివ్వడం, కిడ్నీ, లివర్ సమస్యలుంటే అడగకముందే చెప్పండి.

ఎవరికి చెప్పాలి?

మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు కేంద్రం 2010లో పీవీపీఐ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు పనిదినాల్లో ఫోన్ చేయొచ్చు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. మందే కారణమని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం చాలు. మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఇలా వచ్చే ఫిర్యాదులతో పని జరుగుతుందా? నెలసరి నొప్పికి చాలామంది వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావొచ్చని 2023 నవంబరులో కమిషన్ హెచ్చరించింది. అందిన ఫిర్యాదులను విశ్లేషించాకే ఆ హెచ్చరిక ఇచ్చింది.

గమనిక: పడలేదన్న అనుమానంతో బీపీ, షుగర్, మూర్ఛ మందులను సొంతంగా మానేయకండి. డాక్టర్‌ను అడిగి మార్పించుకోండి. ఇంట్లో ఉండగా ఆయాసం, ముఖం వాపు వస్తే 108కి ఫోన్ చేయండి. ఆ మందు స్ట్రిప్‌ను వెంట తీసుకెళ్లండి.