గొర్రె తెగులు తెలిపిన మాంసకృత్తు

వాన మొగము చాటుచేసిన యేట, వేరుసెనగ చేయి విడిచినను, అనంతపురపు మెట్టసీమలో పెక్కు సంసారములను నిలుపునది గొర్రెల మంద. మన జీవకణములలోని యొక చిత్రమైన మాంసకృత్తు చరిత్రయు గొర్రెతోనే ఆరంభమైనది. కావున ఈ సీమ శ్రోతలకు అది పరాయి కథ కాదు.

ఇంగ్లాండు కాపరులకు 18వ శతాబ్దమునుండియు 'స్క్రేపీ' యను తెగులు తెలియును. అది సోకిన గొర్రె దురదకు ఓర్వలేక కంచెలకు ఒడలు రాచుకొనును. ఉన్ని ఊడును, కాళ్లు తడబడును, తుదకు చచ్చును. ఇది అంటునని 1936లో ఫ్రెంచి పశువైద్యులు కుయే, షెల్ అనువారు చూపిరి. 1961లో మన హిమాలయ పాదసీమల గొర్రెలలోను దీనిని గుర్తించిరి. మనుష్యులకు సోకినట్లు మాత్రము నిదర్శనము లేదు.

1959లో హాడ్లో అను పశువైద్యుడు, న్యూగినీలో ఫోరే జనులను కబళించుచుండిన 'కురూ' రోగమును స్క్రేపీతో పోల్చెను. రెంటను మెదడు జల్లెడవలె తూట్లు పడును. అంటించు సూక్ష్మజీవి మాత్రము ఎవరికిని దొరకలేదు. 1982లో స్టాన్లీ ప్రూసినర్, అంటించునది మాంసకృత్తే యని, దానికి 'ప్రియాన్' అని పేరిడెను. పలువురు నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

అంతకంటె వింత 1985లోనే బయటపడినది. ఆ మాంసకృత్తును నిర్మించు జన్యువు ఆరోగ్యవంతుల కణములలోనే కలదు! మనలో అది 253 అమైనో ఆమ్లముల గొలుసుగా పుట్టి, కొంత కత్తిరింపు పొంది, కణపు పైపొరను కొవ్వు కొక్కెముతో పట్టుకొని యుండును, మెదడులో మెండు. దోషమంతయు మడతలోనిది. మడత తప్పినది, పాలకుండలో తోడుచుక్కవలె, ప్రక్కవానిని కూడ తనవలె మార్చును. మనుష్యులలో ఇట్లు కలుగు క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ రోగము అత్యంత అరుదు. పెక్కుమందిలో అది ఏ అంటును లేకయే పుట్టును.

మరి మడత చెడని దాని పని యేమి? 1992లో జ్యూరిచ్ నగరమున ఆ జన్యువు లేని చుంచెలుకలను పుట్టించిరి. అవి చక్కగా పెరిగినవి. స్క్రేపీ నెక్కించినను జబ్బుపడలేదు. ఇంకనేమి, అది పనికిమాలినదే యని కొందరనుకొనిరి. తొందరపాటు! ఆ యెలుకలు ముసలివైనకొలది నాడులమీది మైలీను తొడుగు చెడుచున్నదని 2010లో తేలినది. మాంసకృత్తు కొన తెగి, ఆ తొడుగును కాపాడు కణములకు కబురు మోయునని 2016లో కనుగొనిరి. రాగి అణువులను కూడ అది పట్టుకొనును. అందులకు కారణమేమో విద్వాంసుల తగవు ఇంకను తీరలేదు.

ఈ విచారము వట్టి వేడుకకు కాదు. ప్రియాన్ రోగులలో ఆ మాంసకృత్తునే తగ్గించు మందులను నేడు పరీక్షించుచున్నారు. పూర్తిగ లేకున్న నాడులు చెడును. మిక్కుటమైన రోగము ముదురును. ఆ జన్యువు ఒక ప్రక్కనే కలిగి, సగము మాంసకృత్తుతో బ్రతుకు ఎలుకలు ఆరోగ్యముగా నుండుటయే కాక, తెగులును చాల దినములు తట్టుకొనుచున్నవి. వైద్యులు ఆ సగపాలు చుట్టునే లెక్కలు వేయుచున్నారు.