సత్యభామ అలక పుట్టుపూర్వోత్తరాలు

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ మొహం కంటే ముందు జడ కనిపిస్తుంది. ఇద్దరు అడ్డంగా పట్టుకున్న తెర వెనక ఆమె నిలబడి ఉంటుంది. నాగరం, సూర్యుడు, చంద్రవంక, కింద కుచ్చులు, వీటన్నిటితో బరువెక్కిన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. చూసేవాళ్లం సింగారం అనుకుంటాం గానీ, పాత భాగవతుల మాటలో అది పందెం. ఆటలో, అభినయంలో, శాస్త్రంలో ఈమెను మించినవాళ్లు సభలో ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు, ఓడితే ఆ జడ కోసి ఇచ్చేయాల్సిందే. ఆడదాని జడను సౌభాగ్యంగా చూసే ఊళ్లలో ఇది ఎంత తెగింపో వేరే చెప్పక్కర్లేదు.

మొగుడికి ఎదురు చెప్పే ఇల్లాలిని "ఈవిడో సత్యభామ" అనడం మన ఇళ్లలో మామూలే. అందులో సగం తిట్టు, సగం మురిపెం. కొత్త పెళ్లికూతుర్ని సీతలా ఉండమని దీవిస్తారు గానీ సత్యభామలా ఉండమని ఎవరూ దీవించరు. ఆట చూడ్డానికి మాత్రం ఆమే కావాలి. ఐదారు వందల ఏళ్లుగా తెలుగువాళ్లు ఈమెను అలగనిచ్చారు, తన్ననిచ్చారు, చివరికి మెడలు వంచారు. ఎంత దూరం వెళ్లనిచ్చారు, ఎక్కడ ఆపారు అని చూస్తే ఏ కాలంలో పెళ్లాన్ని ఏమనుకున్నారో తెలిసిపోతుంది.

పురాణాల్లో ఈమె మొదట దర్శనమిచ్చేది అలకతో కాదు, ఒక తగాదా పరిష్కారంగా. సత్రాజిత్తు తన శమంతకమణి పోయిందని కృష్ణుడి మీద నింద వేశాడు. మణి దొరికాక సిగ్గుపడి, తప్పు దిద్దుకోవడానికి మణితో పాటు కూతుర్నీ ఇచ్చాడు. కృష్ణుడు కూతుర్ని తీసుకుని మణిని మామగారి దగ్గరే ఉంచాడు. తర్వాత శతధన్వుడు ఆ మణి కోసం సత్రాజిత్తును నిద్రలో చంపేశాడు. భాగవతంలో సత్యభామ తండ్రి శవాన్ని నూనెలో భద్రపరచి, హస్తినాపురంలో ఉన్న కృష్ణుడి దగ్గరికి తనే వెళ్లి సంగతి చెబుతుంది. ఏడుస్తూ కూర్చునే మనిషి కాదని అక్కడే తేలిపోయింది.

భారతం అరణ్యపర్వంలో ఈమె ద్రౌపదిని ఒక ప్రశ్న అడుగుతుంది. ఐదుగురు మొగుళ్లనూ ఎలా చేతిలో పెట్టుకున్నావు, మంత్రమా, మందా? ద్రౌపది మందలించి, తన సేవా ధర్మాల చిట్టా విప్పుతుంది. పతివ్రతా ధర్మానికి పాఠంగా పెద్దలు ఇప్పటికీ చూపించే ఘట్టమిది. అదే జవాబులో ద్రౌపది, ధర్మరాజు ఖజానా ఆదాయవ్యయాలన్నీ తన ఒక్కదానికే తెలుసని కూడా అంటుంది. ఈ మాటను పాఠం చెప్పేవాళ్లు సాధారణంగా దాటేస్తారు.

ఇక తెలుగులోకి వచ్చేసరికి ఈమె చేతికి విల్లు వచ్చింది. సంస్కృత భాగవతంలో నరకాసురుడి మీదికి కృష్ణుడు భార్యతో కలిసి గరుత్మంతుడి మీద వెళతాడు, యుద్ధం మాత్రం తనే చేస్తాడు. 14వ శతాబ్దంలో నాచన సోమన ఉత్తర హరివంశంలో సత్యభామను యుద్ధంలోకి దింపాడు, పోతన ఆ దారినే నడిచి ఇంకా పెంచాడు. దీపావళి అనగానే మనకు విల్లెక్కుపెట్టిన సత్యభామ కళ్లలో మెదులుతుందంటే అది ఈ ఇద్దరి చలవ.

అలక మాత్రం నంది తిమ్మనది. పారిజాత కథ హరివంశంలోనే ఉంది. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిస్తాడు, సత్యకు ఒళ్లు మండుతుంది. తిమ్మన పారిజాతాపహరణంలో ఆమె కోపగృహంలో పడుకుంటే కృష్ణుడు వచ్చి కాళ్ల మీద తల పెడతాడు. ఆమె ఎడమకాలితో ఆ తలను తోసేస్తుంది. దేవుడికి కోపం రాలేదు సరికదా, నా ఒళ్లు గుచ్చుకుని నీ పాదం నొచ్చిందేమోనని కంగారుపడతాడు. ఈ కావ్యం వెనక ఒక చాటుకథ ఉంది. రాణి తన చిత్రపటం వైపు కాళ్లు పెట్టి పడుకుందని కృష్ణదేవరాయలు అలిగాడట. ఆమె పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన తిమ్మన, సాక్షాత్తూ కృష్ణుడే తన్నులు తిన్నాడు, నువ్వెంత అని చెప్పడానికి దీన్ని రాశాడట. నిజమో కాదో గానీ, పుట్టింటివాళ్లు కూతురి వెంట ఒక కవిని కూడా పంపిస్తే ఎంత ఉపయోగమో ఈ కథ చెబుతుంది.

రాజుగారి కొలువులో ఉన్న అలకను ఊరి నడివీధిలోకి తెచ్చింది భామాకలాపం. సిద్ధేంద్రయోగి రచన అని, 17వ శతాబ్దం నాటిదని సాధారణంగా చెబుతారు. ఇక్కడ పువ్వు గొడవ కంటే అద్దం గొడవ ముందు. ఇద్దరిలో ఎవరు అందగత్తె, ఎవరు అందగాడు అన్న మాట మీద తేడా వచ్చి కృష్ణుడు వెళ్లిపోతాడు. ఆమె విరహంతో వేగిపోతూ చెలికత్తె మాధవిని రాయబారం పంపాలి. మాధవి వేషం సూత్రధారుడిదే. ఈ చోటే ఆట రక్తి కడుతుంది.

నీ మొగుడి పేరేమిటమ్మా, పేరు చెప్పకపోతే ఏ ఇంటి ముందు నిలబడి పిలవను అంటుంది మాధవి. సత్యభామ చెప్పలేదు. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మిన సమాజమది. అందాకా సభనే సవాలు చేసిన మనిషి మెలికలు తిరిగిపోతుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, గుర్తులు చెబుతుంది, తప్పించుకుంటుంది. మాధవి వదలదు. జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వుల్లో, ఊళ్లో ప్రతి ఇల్లాలూ రోజూ పాటించే నియమం ఎంత వింతదో బయటపడుతుంది. తర్వాత ఉత్తరం తీసుకెళ్లడానికి మాధవి బేరం పెడుతుంది, సత్య తన ముక్కెర దాకా వదులుకుంటుంది. చివరికి గర్వం కరిగి కృష్ణుడితో కలుస్తుంది. సత్య జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, గర్వం అణిగితేనే ముక్తి అని పండితులు వ్యాఖ్యానం చెబుతారు. నాకైతే ఇది ఆట అయిపోయాక వేసిన ముసుగులా కనిపిస్తుంది. జనం తెల్లవార్లూ మేలుకున్నది ఆ గర్వాన్ని చూడ్డానికే.

ఇంత ఇల్లాలి పాత్రను ఎవరు ఆడారు? కూచిపూడి అగ్రహారంలో మగవాళ్లే ఆడారు. అక్కడ పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని కట్టుబాటు. గోదావరి జిల్లాల్లో కళావంతుల మేళాలూ భామాకలాపం ఆడాయి. అక్కడ ఆడింది ఆడవాళ్లే గానీ, వాళ్లకు పెళ్లి అనే హోదాను సమాజం ఇవ్వలేదు. మొత్తం మీద, మొగుడితో అలిగే భార్య పాత్రను పెళ్లయిన ఆడది ఆడడానికి వందల ఏళ్లు దారి లేకపోయింది. వాళ్లు చూసి, నవ్వి, ఇంటికెళ్లి మళ్లీ పేరు పలకకుండా కాపురాలు చేసుకున్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను నిషేధించాక కళావంతుల మేళాలకు ఉన్న చోటు కూడా పోయింది.

నాటకాల కాలం వచ్చేసరికి సత్యభామ అంటే స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టిన ఈయన ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారంలో ఈ వేషం కట్టారు. తన ఆజ్ఞను మొగుడు దాటగలడా అని సత్య ధీమాగా పాడే పాటను ఆయనే రాసి చేర్చుకున్నారు. ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని తెనాలి వైపు చెప్పుకునేవారు.

ఈ తులాభారం కథను కొంచెం ఆగి చూడాలి. నారదుడి మాట విని సత్య వ్రతం పట్టి, మొగుణ్ణే అతనికి దానం చేసేస్తుంది. కన్యాదానంతో పెళ్లిళ్లు జరిగే సమాజంలో, ఇచ్చిపుచ్చుకునే వస్తువు స్థానంలో ఒక్క పూటకు మగవాడు నిలబడ్డాడు. నారదుడు కృష్ణుణ్ణి వీధిలో బేరానికి పెడతాడు. ఆయన ఎత్తు ధనమిస్తే తిరిగి ఇస్తానంటాడు. సత్య నగలన్నీ వేసినా తక్కెడ కదలదు. రుక్మిణి వచ్చి ఒక తులసిదళం వేస్తే సరిపోతుంది. సవతి ముందు తలదించుకోవడమే సత్యకు శిక్ష. నోరున్న భార్య ఓడింది, అణకువ గల భార్య గెలిచింది. నాటకం ఆడించినవాళ్లకూ చూసినవాళ్లకూ ఈ తీర్పు సుఖంగానే ఉండి ఉంటుంది. ఇద్దరు భార్యల్లో మంచిదెవరు అని తూకం వేశారే గానీ, ఇద్దరెందుకని ఎవరూ అడగలేదు. అడిగింది చట్టం. మద్రాసు రాష్ట్రంలో 1949లో హిందువుల్లో రెండో పెళ్లిని నిషేధించి, విడాకులకు వీలు కల్పించారు. 1955 హిందూ వివాహ చట్టంతో తెలంగాణ సహా అన్ని ప్రాంతాలకూ ఆ నియమం వచ్చింది.

సినిమాలో సత్యభామ అంటే జమున. 1966 నాటి శ్రీకృష్ణ తులాభారంలో ఆమె ఎన్టీఆర్ కృష్ణుడి కిరీటాన్ని కాలితో తన్నింది. జనం ఎన్టీఆర్‌ను దేవుడిగా కొలుస్తున్న రోజులవి. అయినా ఆ సన్నివేశం చెల్లింది, ఎందుకంటే తిమ్మన ఎప్పుడో దారి వేసి పెట్టాడు. స్థానంవారి పాటను పి. సుశీల పాడారు. ఆడ గొంతులో ఆ ధీమా వింటే అదో తీరు.

నాట్యంలోనూ అదే మలుపు. మగవేషాల్లో వేదాంతం సత్యనారాయణ శర్మ తిరుగులేని సత్యభామ అనిపించుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. మరోవైపు మద్రాసులో వెంపటి చినసత్యం 1963లో పెట్టిన అకాడమీలో ఆడపిల్లలు గజ్జె కట్టారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా పేరు తెచ్చుకున్నారు. అగ్రహారం మగవాళ్ల ఆస్తిగా ఉన్న వేషం ఒక తరంలోనే ఆడవాళ్ల చేతికి వచ్చింది.

కావ్యం, కలాపం, నాటకం, సినిమా కలిసి సత్యకు పువ్వు కోసం, అందం కోసం, మొగుడి మీద పెత్తనం కోసం పోట్లాడే వీలిచ్చాయి. ఇవన్నీ మొగుడు వచ్చి బుజ్జగిస్తే తీరే గొడవలు. విష్ణుపురాణంలో బుజ్జగింపుతో తీరని గొడవ ఒకటుంది. శమంతకమణి చివరికి అక్రూరుడి దగ్గర బయటపడినప్పుడు, అది నా తండ్రి సొత్తు, నాకే రావాలని సత్యభామ ఆశిస్తుంది. బలరాముడికీ దాని మీద కన్ను. కృష్ణుడు తీర్పు చెబుతాడు: ఈ మణిని బ్రహ్మచర్యం గల శుచిమంతుడే ధరించాలి, పదహారు వేల భార్యలున్న నాకు పనికిరాదు, సత్యభామ మాత్రం ఎలా తీసుకుంటుంది, తాగే బలరాముడికీ కుదరదు, కాబట్టి అక్రూరుడి దగ్గరే ఉండనీ. తండ్రి ఆస్తి పరాయివాడికి పోయింది. ఈ ఘట్టానికి భామాకలాపంలో గానీ తులాభారంలో గానీ చోటు లేదు. అలకను ముద్దు చేసిన రంగస్థలం వాటా మాట ఎత్తలేదు.

ఆ మాట ఎత్తింది కిరీటం మీద కాలు పడ్డ ఆ వెండితెర కృష్ణుడే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. ఆ షరతు పోవడానికి 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

భామాకలాపం ఆడేవాళ్లు, కొత్తగా దరువులు కట్టగలవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. విష్ణుపురాణం నాలుగో అంశం, పదమూడో అధ్యాయం ఒకసారి తీసి చూడమని వాళ్లకు నా మనవి.