కోఠీ మీద దాడికి ముందు అరవై ఏళ్ళు

"నువ్వేమన్నా పెద్ద తుర్రంఖానువా?" మన బడిలో ఈ మాట పడని వాళ్ళు తక్కువ. ఆలస్యంగా వచ్చినవాడికీ, ఎదురు చెప్పినవాడికీ, లెక్క చెయ్యకుండా జవాబు ఒక్కటే రాసినవాడికీ సార్ల నోట ఇదే మాట. ఆ తుర్రంఖాన్ మరెవరో కాదు, 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖానేనని పెద్దలు చెబుతారు. నాకూ అదే నమ్మాలనిపిస్తుంది. అయితే పరీక్షల కోసం మనం బట్టీ పట్టిన 1857లో మీరట్, ఢిల్లీ, కాన్పూర్, ఝాన్సీ ఉండేవి. మన ఊరు ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

స్వర్ణోత్సవ సంచికకు హైటెక్ సిటీ ఎట్లా పెరిగిందో రాయమని తమ్ముళ్ళు అడిగారు. అది రాయగలిగినవాళ్ళు మన బ్యాచుల్లో చాలామందే ఉన్నారు. నేను మాత్రం మన దిక్కు నుంచి 127కె బస్సు ఎక్కితే చివర దిగే చోటు గురించి రాస్తాను.

కోఠీ అంటే పెద్ద బంగళా. మనం ఉమెన్స్ కాలేజీ అని పిలిచే ఆ భవనమే బ్రిటిష్ రెసిడెన్సీ. 19వ శతాబ్దం మొదట్లో రెసిడెంట్ జేమ్స్ కర్క్‌పాట్రిక్ దాన్ని కట్టించాడు. డబ్బు మాత్రం నిజాంది. తర్వాతి కథ అంతా ఇదే పద్ధతిలో నడిచింది.

1798లో రెండో నిజాం అలీఖాన్ సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టాడు. తన దగ్గరున్న ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేసి, కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పెట్టుకున్నాడు. రెండేళ్ళకే ఆ ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి వెళ్ళిపోయాయి. మైసూరు యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన భూములే అవి. దత్తమండలాలంటే అవే, ఇవాళ్టి రాయలసీమలో చాలా భాగం వాటిలోదే.

అంతటితో తెగిపోతే బాగుండేది. యుద్ధం వస్తే 6,000 కాల్బలాన్నీ 9,000 అశ్వబలాన్నీ నిజాం పంపాలని 1800 నాటి ఒప్పందంలో ఒక షరతు ఉంది. యుద్ధం లేనప్పుడు కూడా, ఇంగ్లిష్ అధికారుల కింద, ఒక శాశ్వత సైన్యంగా అది మారిపోయింది. దాని పేరు హైదరాబాద్ కాంటింజెంట్. ఖర్చు ఏటా సుమారు 40 లక్షలు. రక్షణకు ఒకసారి భూమి ఇచ్చిన రాజు, ఇప్పుడు రెండో సైన్యాన్ని కూడా మోయాలి. ఖజానాలో పైసల్లేవు. చందూలాల్ పామర్ కంపెనీ దగ్గర అప్పు చేశాడు. వడ్డీ ఏటా నూటికి 24 దాకా పోయింది. మన భాషలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈఎంఐలు కట్టే మనకు ఆ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. పామర్ అప్పు తీర్చడానికి ఉత్తర సర్కార్ల మీద ఏటా రావలసిన 7 లక్షల పేష్కష్‌ను నిజాం శాశ్వతంగా వదులుకున్నాడు. జీతాలకు అప్పు, అప్పుకు ఆదాయం! బరువు మోసే స్తంభాన్నే కొట్టి ఆ ఇటుకలతో గోడ కట్టినట్టు.

కాంటింజెంట్ జీతాల బాకీ మళ్ళీ పేరుకుంది. 1853 మేలో ఆ బాకీ కింద పత్తి పండే బేరార్‌నూ, ధారాశివ్, రాయచూర్ దోఆబ్‌లనూ కంపెనీ తన నిర్వహణలోకి తీసుకుంది. కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ చనిపోయాడు. ఆయన అన్న కొడుకు, 24 ఏళ్ళ సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు.

నాలుగేళ్ళకు మీరట్ లేచింది. జూన్‌లో ఔరంగాబాద్‌లో కాంటింజెంట్ అశ్వదళమే ఎదురు తిరిగింది. నిజాం జారిపోతే దక్షిణం మొత్తం పోతుందని బొంబాయి గవర్నర్ భయపడ్డాడు. ఔరంగాబాద్ నుంచి తప్పించుకుని వచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను, అతని మనుషులను సాలార్‌జంగ్ పట్టి రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. నగరం రగిలింది.

జులై 17, శుక్రవారం. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది రొహిల్లాలు రెసిడెన్సీ మీదికి నడిచారు. వాళ్ళ వెంట నగర జనం. పుత్లీబౌలీ వైపు అబ్బన్ సాహెబ్ ఇల్లు, షావుకారు జైగోపాల్ దాస్ ఇల్లు పట్టుకుని అక్కణ్ణుంచి కాల్చారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా కాల్పులు. తెల్లవారేసరికి దాడి చేసినవాళ్ళు వెనక్కి తగ్గారు.

తుర్రేబాజ్ ఖాన్‌ను కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు. ద్వీపాంతర శిక్ష పడింది. 1859 జనవరి 18న జైలు నుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. ఆరో రోజున తూప్రాన్ దగ్గర చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి జనానికి కనబడేట్టు వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు.

సాలార్‌జంగ్‌ను ద్రోహి అనేవాళ్ళున్నారు, దూరదృష్టి గలవాడనేవాళ్ళూ ఉన్నారు. జిల్లాల పాలన, రైలు తెచ్చిన మనిషిని ఒక్క మాటతో తీసిపారేయలేను. కానీ విశ్వాసానికి దక్కిన ధర చూడండి. 1860లో 50 లక్షల బాకీ కొట్టేశారు, ధారాశివ్, రాయచూర్ తిరిగి ఇచ్చారు, సురపురం కలిపారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు. దాని కోసం లండన్ దాకా వెళ్ళిన సాలార్‌జంగ్, అది దక్కకుండానే 1883లో పోయాడు. 1902లో ఏటా 25 లక్షలకు బేరార్‌ను బ్రిటిష్‌వాళ్ళు శాశ్వత కౌలుకు తీసుకున్నారు.

కోఠీ బస్టాప్ దగ్గర 1857 వీరుల స్మారకం ఉంది. తుర్రేబాజ్ ఖాన్ పేరిట ఒక రోడ్డూ ఉంది. అది పుత్లీబౌలీ వైపే.