చేతికందే ధరలో చేతిఫోను



ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి మాట్లాడుకునే సీమ మనది. చిక్కబళ్ళాపురమైనా, బాగేపల్లి అయినా, చింతామణి అయినా ఏటా జూన్ నెల వచ్చేసరికి ఇంటింటా ఒక తగవు మొదలవుతోంది. పిల్లవాడు పదో తరగతి గట్టెక్కాడు, పి.యు.సి.లో చేరాడు, స్మార్ట్‌ఫోను కావాలంటాడు. పన్నెండు వేలలో వచ్చేది కొందామని తండ్రి అంటాడు. స్నేహితుడి దగ్గర డెబ్బై వేలది ఉందని కొడుకు ముఖం ముడుచుకుంటాడు. తల్లి మధ్యలో నలిగిపోతుంది. "సార్, మీరే ఒక మాట చెప్పండి" అంటూ ఈ తగవు బడి దాకా రావడం కూడా కద్దు.

ఒక్క మాటలో తేలే సంగతి కాదిది. అందుకని ఈ పూట మీకు కాస్త చరిత్ర చెప్పదలిచాను. ఈ తగవు మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. వస్తువు మారుతూ వచ్చింది, అంతే.

మీలో పెద్దవాళ్ళకు వాల్వు రేడియోలు జ్ఞాపకం ఉంటాయి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పెట్టెలు ఊరికి ఒకటో రెండో ఉండేవి. రేడియో ఉన్నవారు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది. 1980ల మధ్యలో గాని ఆ పద్ధతి పోలేదు. 1954లో అమెరికాలో మొదటి ట్రాన్సిస్టరు రేడియో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర దాదాపు 50 డాలర్లు. అక్కడ కూడా అది విలాసవస్తువే. కొన్నేళ్ళు తిరిగేసరికి అదే ట్రాన్సిస్టరు మనవాళ్ళ భుజాన వేలాడుతూ పొలంగట్టు మీదికి వచ్చింది. పేరున్న కంపెనీది కొనలేనివాళ్ళు మెకానిక్ విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చిన సెట్టు కొనుక్కున్నారు. కడప కేంద్రం పాటలు రెంటిలోనూ వినిపించాయి.

చేతిగడియారం సంగతీ అంతే. 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో మన పక్కనే బెంగళూరులో గడియారాలు చెయ్యడం ప్రారంభించింది. అందులో ఒక రకానికి 'జనతా' అని పేరు పెట్టారు. స్విట్జర్లాండు గడియారం కట్టుకున్నవాడి దర్జా వేరు కావచ్చు గాని, బస్సు తప్పిపోకుండా చూసుకోవడానికి జనతా చాలు. ఆ గడియారాల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అయినా కీ ఇస్తే నడిచే జనతా గడియారాలు ఇంకా కొందరు తాతల మణికట్టు మీద కనిపిస్తాయి.

ఇక టెలిఫోను. ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవలసిన విషయం ఉంది. విదేశాల నుంచి తెప్పించిన పెద్ద ఎక్స్ఛేంజీలకు ఎ.సి. గది కావాలి, దుమ్ము తగలకూడదు. కరెంటే నిలకడగా లేని పల్లెలో ఎ.సి. ఎక్కడిది? 1984లో కేంద్ర ప్రభుత్వం సి-డాట్ అనే పరిశోధన సంస్థను స్థాపించింది. శాం పిట్రోడా దానికి వెన్నెముకగా నిలిచారు. ఎ.సి. అక్కరలేకుండా, ఎండకూ దుమ్ముకూ తట్టుకునే 128 లైన్ల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీని ఆ సంస్థ ఇంజనీర్లు తయారుచేశారు. 1986లో దాన్ని మొట్టమొదట నెలకొల్పింది మన కర్ణాటకలోని కిత్తూరులో. ఆ తరువాతే పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు తాలూకా కేంద్రాలు దాటి పల్లెలకు పాకాయి. ధర తక్కువ కనుక ఇది నాసిరకమని ఎవరూ అనలేకపోయారు. పల్లె పరిస్థితి చూసి చేసిన యంత్రం కనుక పల్లెలో అదే బాగా పనిచేసింది.

మనదేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. మనకు వచ్చిన కాలుకు కూడా మనమే డబ్బు కట్టాలి! 2003 మే నెలలో వచ్చే కాళ్ళు ఉచితమయ్యాయి. 'మిస్డ్ కాల్' అనే విద్య మనవాళ్ళు కనిపెట్టుకున్నది ఆ కాలంలోనే. ఒక రింగు ఇస్తే బస్సెక్కినట్టు, రెండిస్తే దిగినట్టు. అదే 2003లో నోకియా 1100 వచ్చింది. దానికి టార్చిలైటు ఉంది, దుమ్ము చొరని మీటలున్నాయి. రాత్రిపూట మోటారు వెయ్యడానికి పోయే రైతుకు అంతకన్నా ఏం కావాలి? ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క రకమే 25 కోట్ల దాకా అమ్ముడుపోయింది.

ఇంతవరకూ చవక వస్తువులు గెలిచిన కథలే చెప్పాను. ఓడిన కథ కూడా ఒకటి చెప్పకపోతే అన్యాయమవుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అధ్యాపకులు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజనీర్లు కలిసి ఈ శతాబ్దం మొదట్లో 'సింప్యూటర్' అనే చేతికంప్యూటరు తయారుచేశారు. చదువురానివారు కూడా తెరమీద ముట్టుకుని వాడుకోవచ్చు. మన భాషల్లో చదివి వినిపిస్తుంది. ఐఫోను రావడానికి ఐదారేళ్ళ ముందు మాట ఇది! దాదాపు తొమ్మిది వేల రూపాయలకు ఇవ్వాలని వారి ఆశ. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారీతో 'అమిడా' అనే పేరున బజారుకు వచ్చేసరికి ధర పదివేల దగ్గర మొదలై ఇరవై వేల దాకా పోయింది. అప్పటికి పల్లెటూరి కుటుంబానికి అది అందనంత ఎత్తు. పైగా అందరూ ఫోను వెంట పడ్డారు గాని కంప్యూటరును అడిగినవాళ్ళు లేరు. పల్లెకోసం పుట్టిన వస్తువు పల్లెకు చేరకుండానే పోయింది. ఆలోచన గొప్పదే. సామగ్రి చవక కాలేదు, అంతే.

ఆ సామగ్రి తరువాత ఎలా చవకయింది? తైవానుకు చెందిన మీడియాటెక్ వంటి కంపెనీలు ఫోనుకు కావలసిన చిప్పును, దానిచుట్టూ బిగించవలసిన సర్క్యూటు నమూనాను, నడిపించే సాఫ్ట్‌వేరును ఒకే మూటగా కట్టి అమ్మసాగాయి. చైనాలోని షెన్‌జెన్ నగరంలో చిన్న కంపెనీ అయినా ఆ మూట కొనుక్కుని కొద్ది నెలల్లో ఫోను తయారుచెయ్యగలిగింది. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు బయలుదేరాక నడిపించే సాఫ్ట్‌వేరు కోసం వేరే కష్టపడే పని కూడా తప్పింది. 2008 ఆగస్టులో మనదేశానికి వచ్చిన ఐఫోను 3జి ధర 31,000 రూపాయలు. 2014లో షావోమి కంపెనీ రెడ్‌మి 1ఎస్‌ను 5,999కి అమ్మింది. ఆరేళ్ళలో ఎంత తేడా వచ్చిందో చూడండి. 2015లో అదే కంపెనీ చిత్తూరు జిల్లా శ్రీసిటీలో, అంటే ఇప్పటి తిరుపతి జిల్లాలో, ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. తెలుగు ఆడపిల్లలు ఎందరో అక్కడ పనికి చేరారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించేసింది.

చవక అనగానే కళ్ళు మూసుకుని ఎగబడకూడదనడానికి కూడా ఆ 2016లోనే ఒక నిదర్శనం దొరికింది. 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను ఇస్తామని నోయిడాలోని ఒక కంపెనీ ప్రకటించింది. జనం వేలంవెర్రిగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఫోన్లు మాత్రం చెప్పినట్టు చేతికి రాలేదు. ఒక తెర, ఒక బ్యాటరీ ఖరీదే అంతకన్నా ఎక్కువ కదా అని లెక్క వేసుకున్నవారు ఆనాడు తక్కువ.

ఇటు చవకవి దిగుతూ ఉంటే అటు ఖరీదైనవి ఎక్కుతూ పోయాయి. 2017 నవంబరులో వచ్చిన ఐఫోను టెన్‌లో పెద్దరకం ధర మనదేశంలో 1,02,000 రూపాయలు. లక్ష దాటిన ఐఫోను అదే మొదటిది. ఆ వెంటనే జరిగిన ఒక సంగతి తెలుగువాళ్ళం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో, అంతంత ఖరీదైన ఐఫోన్లకు 'జ్ఞా' అనే మన తెలుగు అక్షరం ఒకటి సందేశంగా వస్తే, దాన్ని తెరిచిన యాప్ కుప్పకూలిపోయేది. కొన్నిసార్లు ఫోనే మొరాయించేది. జకారం, ఞకారం, వాటిమీది గుణింతం కలిపి గీయడంలో సాఫ్ట్‌వేరు తికమకపడింది. ఫిబ్రవరి 19న కంపెనీ సవరణ పంపాక గాని ఆ పీడ వదలలేదు. లక్ష రూపాయల యంత్రానికి జ్ఞానంలోని మొదటి అక్షరమే కొరుకుడు పడలేదని ఆ రోజుల్లో నవ్వుకోని తెలుగువాడు లేడు. అయితే చవక ఫోన్లు కూడా మొదట్లో మన అక్షరాలకు బదులు డబ్బాలు చూపినవే. ఆ మాట దాచకూడదు. 2016లో భారత ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణం తెచ్చి, దేశంలో అమ్మే ప్రతి ఫోనులోనూ అన్ని అధికార భాషల అక్షరాలూ చదవడానికి వీలుండాలని నిర్దేశించింది. ఇవాళ పదివేల ఫోనులో తెలుగు, కన్నడం రెండూ చక్కగా కనిపిస్తాయి. నోటితో చెబితే రాసుకుంటుంది కూడా.

ఇంకో విచిత్రం చూడండి. ఆ ఖరీదైన ఫోన్లు తయారయ్యేదీ మన వాకిట్లోనే. 2007లో మన జిల్లా ఏర్పడేవరకూ మనమంతా కోలారు జిల్లావాళ్ళం. ఆ కోలారు జిల్లా నరసాపురలో విస్ట్రాన్ కంపెనీ ఐఫోన్లు బిగించింది. జీతాల విషయమై 2020 డిసెంబరు 12న అక్కడ పెద్ద అలజడి జరిగింది. 2023లో ఆ కర్మాగారం టాటా సంస్థ చేతికి వచ్చింది. మన పొరుగున దేవనహళ్ళి దగ్గర ఫాక్స్‌కాన్ కర్మాగారంలో కూడా 2025లో ఐఫోన్ల తయారీ మొదలైంది. బస్సెక్కి షిఫ్టుకు వెళ్ళే పిల్లలు లక్ష రూపాయల ఫోనుకు మరలు బిగించి, సాయంత్రం తమ జేబులోని పన్నెండు వేల ఫోనులో అమ్మతో మాట్లాడుకుంటూ ఇంటికి వస్తారు. అందులో చిన్నతనం ఏముంది చెప్పండి?

చిన్నతనం ఎక్కడుందో 2020లో చూశాం. కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. ఆ ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం 'విద్యాగమ' అనే పథకం తెచ్చింది. ఇంటర్నెట్టు, స్మార్ట్‌ఫోను ఉన్న పిల్లలు, మామూలు ఫోను మాత్రమే ఉన్న పిల్లలు, ఏదీ లేని పిల్లలు అని విడదీసి, ఉపాధ్యాయులు వారి ఊళ్ళకే వెళ్ళి గుడి అరుగుల మీదా చెట్లకిందా పాఠాలు చెప్పాలన్నారు. అక్టోబరులో దాన్ని నిలిపివేశారు. ఆ జాబితాలు రాసేటప్పుడు ఫోను ఖరీదు పెట్టడానికి ఏ గడీ లేదు. ఉందా, లేదా అన్నదొక్కటే ప్రశ్న. ఒకే ఫోను ఉండి, అది తండ్రితో పాటు పనికి వెళ్ళిపోయే ఇళ్ళలో ముగ్గురు పిల్లలు సాయంత్రం దాకా ఎదురుచూసేవారు. ఒక డెబ్బై వేల ఫోనుకు బదులు ఆ ఇంట్లో రెండు పది వేల ఫోన్లు ఉంటే ఇద్దరు పిల్లల చదువు నిలిచేది, యాభై వేలు మిగిలేది.

ఆ యాభై వేల సంగతే అసలు సంగతి. చింతామణి సంతకు టమోటా వేసే రైతుకూ, శిడ్లఘట్టకు పట్టుగూళ్ళు తీసుకుపోయే రైతుకూ నెలనెలా ఒకే రాబడి ఉండదు. వాయిదా మాత్రం ప్రతినెలా ఉంటుంది. ధర పడిపోయి టమోటాలు రోడ్డుపక్కన పారబోసే నెలలో కూడా వాయిదా ఆగదు. వడ్డీ లేని వాయిదా అని బోర్డు పెట్టినా, ప్రాసెసింగు రుసుము ఎంత, తప్పితే జరిమానా ఎంత అని అడిగి, కాగితం చదివించుకున్నాకే సంతకం చెయ్యండి. ఫోను ధర అయితే రెండేళ్ళలో సగానికి దిగిపోతుంది.

ఖరీదైన ఫోనులో ఏమీ లేదని నేననడం లేదు. కెమెరా మేలు, వేగం మేలు, ఎక్కువ ఏళ్ళపాటు కొత్త సాఫ్ట్‌వేరు వస్తుంది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి సంపాదించుకునే కుర్రవాడు కొంటే అది పెట్టుబడి. పాఠం చూడ్డానికి, పహణి తీసుకోవడానికి, గూళ్ళ రేటు తెలుసుకోవడానికి, బ్యాంకు నుంచి వచ్చే ఓ.టి.పి. చదవడానికి అంత అక్కరలేదు.

చవకది కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మీ ఊళ్ళో ఏ సిమ్ము సిగ్నలు బాగా అందుతుందో ముందు చూడండి, తరువాతే ఫోను. సర్వీసు సెంటరు చిక్కబళ్ళాపురంలోనో చింతామణిలోనో ఉందా, లేక ప్రతి దానికీ బెంగళూరు పోవాలా అన్నది కనుక్కోండి. భద్రతకు సంబంధించిన సాఫ్ట్‌వేరు ఎన్నేళ్ళు పంపుతారో అడగండి. ఇది ముఖ్యం, ఎందుకంటే అదే ఫోనులో మీ బ్యాంకు ఖాతా ఉంటుంది. పాత ఖరీదు ఫోను సగం ధరకు ఎవరైనా ఇస్తామంటే, స్టారు, హాషు, సున్నా, ఆరు, హాషు నొక్కండి. పదిహేను అంకెల సంఖ్య కనిపిస్తుంది. దాన్ని కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో చూస్తే అది దొంగసొత్తుగా నమోదైన ఫోనేమో తెలుస్తుంది. ఈ వెతుకులాట అంతా పిల్లవాడికే అప్పజెప్పి, నాలుగు ఫోన్ల వివరాలు ఒక కాగితం మీద రాసుకు రమ్మనండి. తెలుగులో రాసినా సరే, కన్నడంలో రాసినా సరే.