నత్రీకరణం

నత్రీకరణం అనగా నేలలోను, నీటిలోను ఉండే కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను ఆక్సీకరణ ద్వారా మొదట నైట్రైట్‌గాను, తరువాత నైట్రేట్‌గాను మార్చే ప్రక్రియ. మొదటి దశను నైట్రోసోమోనాస్, రెండవదానిని నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా జరుపుతాయి. రెండు దశలనూ ఒక్కటే పూర్తిచేయగల నైట్రోస్పైరాను 2015లో గుర్తించారు. ఈ చర్యకు ఆక్సిజన్ తప్పనిసరి.

కొల్లేటి ప్రాంతంలో, ముఖ్యంగా కైకలూరు పరిసరాలలో, చేపల చెరువులకు ఇది ప్రాణాధారము. బొచ్చె, శీలావతి చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. తినగా మిగిలిన తవుడు, చెక్క కుళ్ళినప్పుడు కూడా అదే పుడుతుంది. ఇందులో ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమ్మోనియం అయానుగా ఉంటుంది. అయితే ఎండవేళ నాచు కిరణజన్య సంయోగక్రియ వలన నీటి పి.హెచ్. పెరిగి, అది విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది.

రెండవ దశ మందగిస్తే నైట్రైట్ పేరుకుంటుంది. అది మొప్పల గుండా రక్తంలో చేరి హీమోగ్లోబిన్‌ను మెట్‌హీమోగ్లోబిన్‌గా మారుస్తుంది. ఈ రూపం ఆక్సిజన్‌ను మోయలేదు. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ తగినంత ఉన్నా చేప ఊపిరాడక చనిపోవచ్చును. కనుక ఆక్సిజన్ కొలత ఒక్కటే చూసి చెరువు క్షేమమనుకోరాదు. చెరువులో ఉప్పు వేస్తే అందులోని క్లోరైడ్ అయాన్లు మొప్పల వద్ద నైట్రైట్‌ను అడ్డుకుంటాయి. అమ్మోనియాకు మాత్రం ఉప్పు విరుగుడు కాదు.